టక్కులమారి సైకిలు

నా సైకిలుకు గేర్లు లేవు. ముందు ఒక పళ్ళచక్రం, వెనక ఒక ఫ్రీవీలు, వాటిని కలుపుతూ ఒక చైను, రెండు పెడళ్ళు, అంతే. ఇంత తక్కువ సరంజామాలో ఒక శబ్దం ఎక్కడ దాక్కుందో పట్టుకోవడానికి నాకు ఐదు వారాలు పట్టింది. రెండు రాష్ట్రాల మెకానిక్కులు చూశారు దాన్ని. గొప్ప కోసం చెప్పడం లేదు. మాది పర్లాకిమిడి, ఒడిశాలో గజపతి జిల్లా కేంద్రం. సైకిలెక్కి కాసేపు తొక్కితే పాతపట్నం వస్తుంది, అది ఆంధ్ర. 1936లో ఒడిశా ఏర్పడినప్పుడు ఊరు ఇటు వచ్చింది, జమీందారీలోని పల్లెలు చాలావరకు అటే ఉండిపోయాయి. అందుకని ఇక్కడ టైరు పంచరైతే అక్కడ అతుకు వేయించుకోవడం మాకు వింత కాదు.

నేను జాకెట్లు కుడతాను. పాతపట్నంలో ఒక బట్టల కొట్టువారు నాకు పని ఇస్తారు. వారానికి మూడు రోజులు కుట్టిన బట్టలు క్యారియర్‌కు కట్టుకుని వెళ్ళి ఇచ్చి, కొత్త గుడ్డలు తెచ్చుకుంటాను. సైకిలు పన్నెండేళ్ళ కిందట కొన్నది, ఇరవై ఆరంగుళాల చక్రాల లేడీస్ సైకిలు.

శబ్దాలకు పేర్లు పెట్టడంలో మన భాషకు లోటు లేదు. వాడుక భాష కోసం పోట్లాడిన గిడుగు రామమూర్తి పంతులు గారు ఉద్యోగం చేసిన ఊరు ఇది. ఆ ఊళ్ళో ఉంటూ సైకిలు మొరను ‘ఒక విధమైన ధ్వని’ అని రాస్తే పాపం తగులుతుంది. పేర్లతోనే చెబుతాను: కిర్రు, టక్కు, కటక్కు, చర్రు. ఒకటి పోతే ఒకటి వచ్చాయి.

కిర్రు కథ చిన్నది. వానలు వెలిసిన తరువాత చైను ఎర్రబడి, తొక్కినంతసేపూ పిచ్చుకల గూడులా అరిచేది. ఇంట్లో కుట్టుమిషను నూనె ఉంది కదా అని నాలుగు చుక్కలు పోశాను. వెంటనే నోరు మూసుకుంది. నాలుగో రోజున మళ్ళీ మొదలు. మిషను నూనె నీళ్ళలా పల్చన, చైను మీద నిలవదు. తరువాత కొబ్బరినూనె పోసి చూశాను. ఆ పొరపాటు మీరు చేయకండి. అది చిక్కబడి, దారి పొడుగునా దుమ్మును పిలిచి పట్టుకుని చైనును నల్లటి మైనపు ముద్దగా మార్చింది. చివరికి కిరసనాయిలులో బ్రష్షుతో కడిగి, గుడ్డతో తుడిచి, ఒక పూట ఎండనిచ్చి, కాస్త చిక్కటి కొత్త ఇంజను ఆయిలు లింకుకు ఒక చుక్క చొప్పున లోపలి వైపు వేశాను. పైపైన మిగిలినదంతా మళ్ళీ తుడిచేశాను. చైనుకు నూనె కావలసింది లోపల, పిన్నుల దగ్గర. పైన మెరిసే నూనె దుమ్ముకే పనికొస్తుంది.

కిర్రు పోయాక ఆ చప్పుడు మాటున ఇంతకాలం దాక్కున్నది బయటపడింది. టక్కు.

తెలుగులో టక్కు అంటే శబ్దమే కాదు, మోసం కూడా. రెండర్థాలూ దీనికి సరిపోయాయి. చదును దారిలో మెల్లగా వెళితే వినిపించదు. ఎదురుగాలి ఉన్నా, కాస్త ఎత్తు ఎక్కవలసి వచ్చినా, వెనక పది జాకెట్ల బరువు ఉన్నా, కుడి మడమ వెనక ఎక్కడో టక్, టక్ అని చిటికె వేసినట్టు వినిపించేది. కుడి వైపు నుంచి వస్తోందని నేను ప్రమాణం చేసి చెప్పేదాన్ని.

దాంతో సలహాలు మొదలయ్యాయి. ఎదురింటి పిన్నిగారు సీటు స్ప్రింగు అన్నారు. సీటు అవునో కాదో తేల్చడం తేలికే, లేచి నిలబడి తొక్కినా శబ్దం వస్తే సీటు తప్పు కాదు. చీర కట్టుకుని బజారులో ఆ పరీక్ష చేసే ధైర్యం నాకు లేకపోయింది కనుక, పదో తరగతి చదువుతున్న మా అబ్బాయి చేశాడు. వచ్చింది. సీటు నిర్దోషి. తొక్కడం ఆపి బండిని జారనిస్తే టక్కు ఆగిపోయింది, ఫ్రీవీలు టికటిక మాత్రం మిగిలింది. అది ఉండవలసిన శబ్దమే. ఫ్రీవీలు లోపల స్ప్రింగు మీద కూర్చున్న చిన్న నాలుకలు పళ్ళ మీద జారుతూ చేసే చప్పుడది. కాబట్టి దొంగ తొక్కేటప్పుడు మాత్రమే పని చేస్తాడని తేలింది. అక్కడే ఆగి ఇంకాస్త ఆలోచించి ఉంటే డబ్బు మిగిలేది.

కుడి పెడల్ అనుకుని కుడి ఎడమలు రెండూ మార్పించాను. 180 రూపాయలు. మా అబ్బాయి పాత ఎడమ పెడలును తనే విప్పుతానని స్పానరు పట్టి అరగంట వేలాడాడు. ఎడమ పెడలుకు మర ఎదురు తిరుగుతుందని, వాడు విప్పుతున్నాననుకుని ఇంకా బిగిస్తున్నాడని ఇద్దరికీ తెలియదు. కొత్త పెడళ్ళతో కూడా టక్కు అలాగే వచ్చింది.

తరువాత బట్టల కొట్టుకు వెళ్ళినప్పుడు, దారిలో ఉన్న ఒక సైకిలు షాపులో చూపించాను. పేరు అవసరం లేదు, మర్యాదస్తులే. సైకిలును తలకిందులు చేసి నిలబెట్టి, పెడలును చేత్తో గిరగిరా తిప్పారు. ఏ శబ్దమూ లేదు. అయినా బీబీ యాక్సిల్, అంటే రెండు పెడళ్ళ మధ్య ఫ్రేములో తిరిగే ఇరుసు, అయి ఉంటుందన్నారు. యాక్సిల్ విప్పి, రెండు వైపులా గోళీలు మార్చి, గ్రీజు నింపి ఇచ్చారు. పెడళ్ళు వెన్నలా తిరిగాయి. సంతోషంగా బయలుదేరాను. నీలమణి దుర్గమ్మ గుడి వైపు తిరిగి దండం పెట్టుకుని పెడలు మీద బరువు వేశానో లేదో, టక్.

ఇంత కోపం నాకు బట్ట చాలకుండా తెచ్చి పొడుగు చేతులు కావాలనే వారి మీద కూడా రాలేదు.

ఆ రాత్రి ఒక లైనింగ్ జాకెట్టు కుడుతూ ఉండగా నా మిషను ఒక చిన్న శబ్దం చేసింది. నేను లేవకుండానే, చూడకుండానే, ‘బెల్టు అతుకు’ అనుకున్నాను. ఎలా తెలిసింది? కాలితో తొక్కే మిషనులో కింద పెద్ద చక్రం ఒక చుట్టు తిరిగితే నా మిషనుకు పైన సూది నాలుగు కుట్లు వేస్తుంది. సూదితో పాటు ప్రతి కుట్టుకూ వచ్చే శబ్దమైతే షటిల్ దగ్గరో సూది దగ్గరో చూడాలి. కాలితో పాటు నాలుగు కుట్లకు ఒకసారి వస్తే కింద, పాదం దగ్గర చూడాలి. రెండింటికీ లెక్క కుదరకుండా మధ్యమధ్య వస్తే బెల్టు, ఎందుకంటే దాని పొడవు వేరు, దాని చుట్టు వేరు. ఇరవై ఏళ్ళుగా ఇలాగే పట్టుకుంటున్నాను, ఎవరూ నేర్పలేదు, నాకు నేను చెప్పుకోనూ లేదు. మరి సైకిలు కూడా అదే కదా. కింద కాలు, వెనక చక్రం, మధ్యలో బెల్టుకు బదులు చైను. నేను ఇంతకాలం శబ్దం ఎక్కడి నుంచి వస్తోందని వింటున్నాను. ఎన్ని సార్లు వస్తోందని ఒక్కసారైనా లెక్కపెట్టలేదు.

తెల్లవారి చైను కవరు విప్పి, బట్ట మీద గీతలు గీసే సుద్ద తీసుకుని కూర్చున్నాను. ముందున్న పళ్ళచక్రానికి ఒక పంటి దగ్గర గుర్తు పెట్టి లెక్కపెడితే 44 పళ్ళు. వెనక ఫ్రీవీలుకు 18. అంటే పెడలు ఒక చుట్టు తిరిగితే వెనక చక్రం రెండున్నర కన్నా కాస్త తక్కువ చుట్లు తిరుగుతుంది. రెండు తొక్కులకు సుమారు ఐదు చుట్లు. (ఇక్కడ తొక్కు అంటే కుడి కాలు ఒకసారి కిందికి వెళ్ళి, తిరిగి పైకి రావడం.) చైనుకు 104 లింకులు. ఒక లింకుకు సుద్ద పూసి, పెడలు తిప్పుతూ అది మళ్ళీ అదే చోటికి వచ్చేదాకా చూశాను. రెండు చుట్లు దాటి మూడో దానిలో మూడో వంతు పైన పట్టింది. ఏడు తొక్కులకు చైను సుమారు మూడు సార్లు చుట్టి వస్తుంది. టేపుతో టైరు చుట్టుకొలత కూడా తీశాను, సుమారు 82 అంగుళాలు. దానితో అవసరం లేదు, చేతిలో టేపు ఉంది కాబట్టి తీశాను. ఒక్క తొక్కుకు ఐదు మీటర్లు పోతున్నానని తెలిసి మాత్రం ముచ్చట వేసింది.

ఇక లెక్క సిద్ధం. రెండు తొక్కులకు ఐదు సార్లు వస్తే వెనక చక్రం. ఏడు తొక్కులకు మూడు సార్లు వస్తే చైనులో ఏదో ఒక లింకు. తొక్కుకు ఒకటి చొప్పున వస్తే పెడళ్ళు, వాటిని మోసే క్రాంకులు, యాక్సిల్, ముందు పళ్ళచక్రం, ఈ కుటుంబంలో ఎవరో ఒకరు.

ఆ ఉదయం పాతపట్నం దారిలో పెదవులు కదుపుతూ లెక్కపెట్టుకుంటూ వెళ్ళాను. ఎదురైన వాళ్ళు జపం అనుకుని ఉంటారు. సందేహం లేకుండా తొక్కుకు ఒక్కటే. అంతే కాదు, కుడి కాలు కిందికి పోతున్నప్పుడు కాదు, ఎడమ కాలు మీద బరువు మొదలయ్యే క్షణాన వస్తోంది. చెవి కుడి వెనక అంటోంది, లెక్క ఎడమ ముందు అంటోంది. ఫ్రేమంతా బోలు ఉక్కు గొట్టాలు. ఒక చివర తట్టితే ఇంకో చివర మోగుతుంది. ఇంట్లో ఒక గదిలో కుళాయి తిప్పితే ఇంకో గది గోడలో మూలిగినట్టు.

మా ఊళ్ళో ఒక పాత సైకిలు షాపు ఉంది. నడిపే ఆయనను అందరం తాతగారనే పిలుస్తాం. మాటలన్నీ తెలుగులోనే, లెక్క మాత్రం ఒడియాలో పెడతారు: ఎక, దుయి, తిని. ఆయనకు నా లెక్క అంతా చెప్పాను. ఆయన సైకిలును తలకిందులు చేయలేదు. అదే నాకు మొదటి నమ్మకం.

“ఎడమ కాలికి ఏమైనా తెలుస్తోందా అమ్మా?” అని అడిగారు.

ఆలోచిస్తే తెలుస్తోంది. ఎన్నాళ్ళుగానో తెలుస్తోంది. బరువు వేయగానే పెడలు ఒక వెంట్రుక మందం జారినట్టు ఉండేది. చెప్పు జారుతోందనుకునేదాన్ని.

“బాబూ, నువ్వు ఎక్కు” అని మా అబ్బాయిని సీటు మీద కూర్చోబెట్టి గోడకు ఆనించారు. రెండు బ్రేకులూ గట్టిగా పట్టించి, పెడళ్ళు నేలకు సమాంతరంగా నిలిపి, ముందున్న కుడి పెడలును నొక్కమన్నారు. ఏమీ లేదు. అర చుట్టు తిప్పి ఎడమ పెడలును ముందుకు తెచ్చి నొక్కించారు. టక్. ఐదు వారాల్లో మొదటిసారి బండి కదలకుండా ఆ శబ్దం విన్నాను. ఆయన నా చూపుడు వేలు తీసుకుని, ఎడమ క్రాంకు యాక్సిలుకు పట్టుకునే చోట పెట్టించారు. మా వాడు నొక్కిన ప్రతిసారీ వేలి కింద రెండు ఇనుములు విడివిడిగా కదిలాయి. తలకిందులు చేసి చేత్తో తిప్పితే ఇది ఎందుకు దొరకలేదో అప్పుడు అర్థమైంది. బరువు పడితేనే మాట్లాడే దొంగను, బరువు తీసేసి నిలదీశారు వాళ్ళు.

దొంగ పేరు కాటర్ పిన్ను. పాత తరహా సైకిళ్ళలో క్రాంకును యాక్సిలుకు బిగించేది చిటికెన వేలంత ఉండే ఈ ఉక్కు పిన్నే. దానికి ఒక పక్క ఏటవాలుగా చదును చేసి ఉంటుంది. ఆ చదునే యాక్సిల్ మీది గాడికి ఆనుకుని, చీలలా బిగిసి, మనిషి బరువంతా మోస్తుంది. ఆయన నట్టు తీసి, పిన్నును కొట్టి బయటికి తీసి నా చేతిలో పెట్టారు. చదునుగా ఉండవలసిన చోట మెట్టు పడి ఉంది. ఆ మెట్టు ఉన్నంత మేరా క్రాంకు ముందుకూ వెనక్కూ ఊగుతోంది. పాతపట్నంలో యాక్సిల్ విప్పినప్పుడు ఈ పాత పిన్నునే తీసి, మళ్ళీ అదే వేసి కొట్టి ఉంటారు. గోళీలు మార్చారు కానీ దొంగను మళ్ళీ లోపల పెట్టి తలుపు వేశారు.

కొత్త పిన్ను వేయడం చూడవలసిన పని. ముందు దాన్ని గాడిలో పెట్టి చూసి, తీసి, చదును వైపు ఆకురాయితో రెండు మూడు సార్లు రుద్ది, మళ్ళీ పెట్టి చూశారు. నేను భుజం కుట్టు సరిచూసినట్టే ఉంది. తరువాత క్రాంకు కింద ఒక ఇనుప గొట్టం ముక్కను నేలకు ఆనించి నిలబెట్టి, అప్పుడు సుత్తి దెబ్బ వేశారు. అది లేకుండా కొడితే దెబ్బంతా యాక్సిల్ గోళీల మీద పడి, అవి తిరిగే కప్పులు గుంటలు పడతాయట. నట్టు చివరలో బిగించారు. పిన్నును లోపలికి లాగడం నట్టు పని కాదు, సుత్తి పని. లాగించితే మర తెగిపోతుంది. మొత్తం 40 రూపాయలు తీసుకున్నారు.

“రెండు మూడు రోజులు తొక్కి మళ్ళీ రామ్మా, పిన్ను సర్దుకుంటుంది, నట్టు వదులవుతుంది” అన్నారు.

అక్కడితో ఆగవచ్చు. కానీ కవరు ఊడదీసి ఉంది కదా అని చైను కూడా కొలవమన్నాను. నా టేపు తీయబోతే నవ్వి, “బట్ట టేపు సాగుతుంది” అని ఉక్కు స్కేలు ఇచ్చారు. సైకిలు చైనులో పిన్నుకూ పిన్నుకూ అరంగుళం. ఒక పిన్ను మధ్య నుంచి ఇరవై నాలుగు అరంగుళాలు లెక్కపెడితే సరిగ్గా 12 అంగుళాల గీత మీద ఇంకో పిన్ను మధ్య భాగం ఉండాలి. అది గీత దాటి అంగుళంలో పదహారో వంతు పోతే చైను మార్చాలి. నాది ఎనిమిదో వంతు దాటింది. చైను సాగిందంటారు కానీ ఇనుము సాగలేదు. ప్రతి పిన్నూ, అది తిరిగే రంధ్రమూ కాస్త కాస్త అరిగి, ఆ కాస్తలన్నీ కలిసి అంత పొడవు అయ్యాయి.

“చైను మారిస్తే ఫ్రీవీలు కూడా మార్చాలి” అన్నారు తాతగారు. నేను చైను మాత్రం చాలన్నాను. పెడళ్ళకూ గోళీలకూ అప్పటికే బోలెడు తగలేశాను. ఆయన వాదించలేదు. నవ్వారో లేదో మీసాల వల్ల తెలియలేదు.

మర్నాడు ఎత్తు ఎక్కుతుంటే కటక్కు. ఇది వినడమే కాదు, పెడలు ఒక్కసారిగా కాలి కింద నుంచి జారి, మోకాలు హ్యాండిలుకు కొట్టుకుంది. పాత చైనుతో పాటు అరిగి, పాత చైను కొలతకే అలవాటు పడిన ఫ్రీవీలు పళ్ళ మీద కొత్త చైను కూర్చోలేక, బరువు పడగానే పన్ను దాటి ఎగురుతోంది. ముందు పళ్ళచక్రానికి ఎక్కువ పళ్ళు ఉండటం వల్ల ఒక్కో దాని మీద బరువు తక్కువ, అది బతికిపోయింది. తలవంచుకుని వెళ్ళాను. తాతగారు ఒక్క మాట అనకుండా ఫ్రీవీలు మార్చారు. కొత్త ఫ్రీవీలు లోపల గ్రీజు పెట్టనివ్వలేదు, పల్చటి నూనె రెండు చుక్కలు చాలన్నారు. గ్రీజు చిక్కబడితే నాలుకలు లేవక పెడళ్ళు ఊరికే తిరుగుతాయట.

చైను కవరు నేనే ఇంట్లో బిగించాను. ఆ సాయంత్రం చర్రు మొదలైంది. చిన్న శబ్దం, గోరుతో రేకు గీరినట్టు. ఈసారి ఎవరినీ అడగలేదు. సందు చివరి దాకా తొక్కుతూ లెక్కపెట్టాను. తొక్కుకు ఒకటి కాదు. రెండుకు ఐదు అసలే కాదు. ఏడు తొక్కులకు మూడు. అంటే చైను, అందులోనూ ఒకే ఒక్క లింకు. ఏ లింకో ఊహించడం కూడా కష్టం కాలేదు, చైను రెండు కొసలనూ కలిపే లాకు లింకుకు మాత్రమే పక్కన ఒక చిన్న క్లిప్పు పొడుచుకుని ఉంటుంది. ఆ క్లిప్పు మూసి ఉన్న కొస చైను పోయే దిక్కుకు ఉందా లేదా అని ముందు చూశాను, అటూ ఇటూ అయితే దేనికైనా తగిలి ఊడిపోతుంది. సరిగానే ఉంది. మరి తగులుతున్నది కవరు. లోపలి వైపు సుద్ద పూసి, పది తొక్కులు తొక్కి విప్పి చూస్తే, కింది అంచున సుద్ద చెరిగి సన్నటి గీత. ఎప్పుడో ఏదో తగిలి రేకు అక్కడ లోపలికి నొక్కుకుపోయింది. ఇస్త్రీ బల్ల అంచుకు ఆనించి, చీర మడత వేసి, రుబ్బురోలు పొత్రంతో మెల్లగా తట్టి సరిచేశాను.

మూడో రోజున తాతగారి దగ్గరికి మళ్ళీ వెళ్ళాను. గొట్టం ముక్క పెట్టి పిన్ను మీద రెండు దెబ్బలు వేసి, స్పానరు నట్టుకు తగిలించారు. పావు చుట్టు తిరిగింది.